గురి అద్దం వేరు, గుర్తుపట్టే అద్దం వేరు

(జువ్వలదిన్నెలో జరిగిన రైతుల సమావేశంలో మన సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశం పెట్టక ముందే ఒక ప్రశ్న మన దగ్గరకొచ్చింది. "పందులు శనక్కాయ చేను ఉంచడం లేదు. లైసెన్సు తుపాకీ ఉన్నాయనకు చీకట్లో కనిపించే స్కోపు కొనిద్దాం. ఎకరానికి ఇంతని చందా వేసుకుంటాం. ఏ స్కోపు మంచిదో సంఘం చెప్పాలి" అని అడిగారు. అడిగినవాళ్లను తప్పుపట్టడానికి లేదు. ఇసుక నేలలో విత్తనం వేసి, నీళ్లు కట్టి, ఊడ ఊరేదాకా కాపాడుకున్న చేను ఒక్క రాత్రిలో దున్నినట్టయిపోతే కడుపు మండుతుంది. వరి పాలుపోసుకునే దశలో మంద దిగితే తిన్నదానికంటే దొర్లి తొక్కిందే ఎక్కువ. పగలంతా చిల్లకంపలో, సరుగుడు తోటల్లో పడుకుని, పొద్దు గూకాక బయటకొచ్చే జంతువు అది. మనకు కన్ను ఆననప్పుడే దానికి పని మొదలవుతుంది.

అందుకని ఆ ప్రశ్నను పక్కకు నెట్టకుండా జవాబు చెబుదాం. స్కోపు ఎట్లా పనిచేస్తుంది, మసక వెలుతురులో ఏది పనికొస్తుంది, ఏది రాదు అన్నది ముందు తెలుసుకుందాం. ఆ తర్వాత మన డబ్బు దేనికి పెట్టాలో మీరే తేల్చండి.

మొదటి సంగతి. అద్దం వెలుగు పుట్టించదు. ఎంత ఖరీదైన అద్దమైనా బయట ఉన్న వెలుగును పోగుచేసి కంటికి అందించడమే. స్కోపు మీద గానీ బైనాక్యులర్ మీద గానీ రెండు అంకెలు రాసి ఉంటాయి. 8×56 అనుకోండి. ముందున్న 8 అంటే వస్తువును ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందని అర్థం. 160 మీటర్ల దూరంలో ఉన్నది 20 మీటర్లలో ఉన్నట్టు కనబడుతుంది. వెనకున్న 56 ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో.

ఇప్పుడు ఆ వెనక అంకెను ముందు అంకెతో భాగించండి. 56ను 8తో భాగిస్తే 7. అంటే అద్దంలోంచి మన కంటివైపు వచ్చే వెలుగు బిళ్ళ వెడల్పు 7 మిల్లీమీటర్లు. రాత్రి చూపుకు అసలు లెక్క ఇదే. 7×50కి 7.1 వస్తుంది. 10×50కి 5. 8×42కి 5 పైచిలుకు. జేబులో పట్టే 10×25కి రెండున్నరే. ఆ చిన్నది మధ్యాహ్నం బ్రహ్మాండంగా కనబడుతుంది, పొద్దు గూకితే నల్లగా అయిపోతుంది. అది దాని లోపం కాదు, లెక్క అంతే.

ఈ లెక్కకు రెండో పక్క మన కన్ను. చీకట్లో కంటిపాప విచ్చుకుంటుంది. వయసులో ఉన్నవాళ్లకు సుమారు 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. యాభై దాటిన మనబోటి వాళ్లకు 5 దగ్గరే ఆగిపోతుంది. 7 మిల్లీమీటర్ల బిళ్ళ వస్తున్నా మన కంట్లోకి పోయేది 5 మాత్రమే, మిగతాది పాప బయటే ఆగిపోతుంది. కాబట్టి పాతికేళ్ల పిల్లోడు కావలి కాస్తుంటే 7×50 దండగ కాదు. పెద్దవాళ్లకైతే 8×42 చాలు, బరువు కూడా తగ్గుతుంది. అంగట్లో "పెద్దది తీసుకో పెద్దాయనా, ఇంకా బాగా కనపడుతుంది" అంటే ఈ లెక్క గుర్తుంచుకోండి.

స్కోపుల్లో ఎక్కువగా అమ్మేది 3-9×40. మూడు నుంచి తొమ్మిది రెట్ల దాకా తిప్పుకోవచ్చు. తొమ్మిదికి తిప్పితే 40ని 9తో భాగించాలి, 4.4 వస్తుంది. చీకటి పడేకొద్దీ బొమ్మ మసకబారుతుంది. ఆరుకు తగ్గిస్తే 6.7 వస్తుంది, వెలుగు పెరుగుతుంది. మూడుకు తగ్గిస్తే 13 వస్తుంది గానీ, మన పాప అంత తెరుచుకోదు కాబట్టి ఆ పైదంతా వృథా. చీకట్లో రెట్లు పెంచేకొద్దీ బాగా కనబడుతుందనుకోవడం పొరపాటు. జర్మనీలో మంచె మీద కూర్చుని రాత్రిపూట పందుల్ని కాసే వేటగాళ్లు ఎన్నో ఏళ్లుగా 8×56 స్కోపు వాడుతున్నది ఈ లెక్క వల్లే.

అంకెల తర్వాత అద్దం నాణ్యం చూడాలి. పూత లేని అద్దం ప్రతి ముఖం దగ్గరా వెలుగులో సుమారు 4 శాతం వెనక్కి కొట్టేస్తుంది. లోపల పది ముఖాలుంటే మూడోవంతు వెలుగు మన కంటికి రాకముందే పోయినట్టు. మంచి పూత ఉంటే ఆ నష్టం బాగా తగ్గుతుంది. ఎట్లా కనుక్కోవాలి? ముందు అద్దాన్ని దీపం కింద వంచి చూడండి. దీపం నీడ సన్నగా, కాస్త పచ్చగానో ఊదాగానో కనబడితే పూత ఉంది. మామూలు కిటికీ అద్దంలోలా తెల్లగా మెరిస్తే లేదు. ఎర్రగా కెంపులా మెరిసే అద్దాలు చూడ్డానికి బాగుంటాయి, రాత్రికి పనికిరావు. ఎర్ర వెలుగునంతా అవి వెనక్కి కొడుతున్నాయి కాబట్టే అట్లా మెరుస్తున్నాయి.

ఇంకో పరీక్ష. బైనాక్యులర్‌ను చేయి చాచి ఆకాశం వైపు పట్టుకోండి. కంటి అద్దంలో తెల్లటి బిళ్ళ కనబడుతుంది. ఇందాక చెప్పుకున్న వెలుగు బిళ్ళ అదే. అది గుండ్రంగా, అంచు దాకా సమానంగా ఉండాలి. అంచులు చెక్కేసినట్టు నలుపలకలుగా, మసకగా ఉంటే లోపలి గాజు చవకది. పట్టపగలు ట్యూబ్‌లైట్ కింద చూసి కొనొద్దు. పొద్దు గూకేదాకా ఆగి, అంగడి బయట నిలబడి, వీధి చివర నీడలో ఉన్న మనిషి చొక్కా రంగు తెలుస్తుందా లేదా అని చూసి కొనండి.

స్కోపుకే సంబంధించినవి ఇంకో మూడున్నాయి. లోపలి గురిగీతలు మరీ సన్నగా ఉంటే చీకట్లో మాయమవుతాయి. ఎర్ర చుక్క వెలిగే రకంలో కాంతి తగ్గించుకునే వీలు లేకపోతే ఆ చుక్కే మన కంటిపాపను ముడుచుకునేలా చేస్తుంది. కంటికీ అద్దానికీ కనీసం మూడు నాలుగు అంగుళాల ఎడం లేకపోతే తుపాకీ వెనక్కి తన్నినప్పుడు కనుబొమ్మ పగులుతుంది.

ఇంతవరకూ చెప్పింది అద్దం సంగతి. ఇప్పుడు మనం ఎందుకు ఆగి ఆలోచించాలో చెబుతాం.

స్కోపు తుపాకీకి బిగించి ఉంటుంది. స్కోపులోంచి ఏది చూస్తే తుపాకీ గొట్టం దాని మీదే ఉంటుంది. "అదేందో అటు కదిలింది, పందేనా చూద్దాం" అని స్కోపు ఎత్తామంటే, అది మనిషైతే మనం మనిషి మీద తుపాకీ ఎత్తినట్టే. ముందు గుర్తుపట్టాలి, తర్వాతే గురి. గురిపెట్టే అద్దంతో గుర్తుపట్టే పని చేయకూడదు. మిగతావన్నీ మరిచినా ఈ మాట మాత్రం ఇంటికి తీసుకెళ్లండి.

మన నేలను ఒకసారి కళ్ల ముందు పెట్టుకోండి. రాత్రిపూట ఈ తీరంలో పొలాలు నిర్మానుష్యంగా ఉండవు. రొయ్యల గుంతల కాడ కాపలా మనుషులు తిరుగుతుంటారు, ఏరేటర్లు చూసుకోవడానికి అర్ధరాత్రి లేస్తారు. తెల్లారకముందే పడవల దగ్గరకు, హార్బరుకు పోయేవాళ్లుంటారు. బకింగ్‌హామ్ కాలవ గట్టున, పొలం గట్ల మీద యానాది కుటుంబాల వాళ్లు చేపలకు, పీతలకు, ఎలకలకు రాత్రి నడుస్తారు. మోటారు వేయడానికి మనమే పోతాం. ఆడవాళ్లు చీకటితోనే బయటకు వెళతారు. వీళ్లలో ఎవరూ మనకు కనబడాలని లైటు వేసుకుని నడవరు. గట్టు మీద వంగి పీతల బొరియలో చేయి పెట్టిన మనిషి, వంద గజాల దూరాన, మసకలో ఎట్లా ఉంటాడో ఆలోచించండి.

టార్చిలైటు వేస్తే తెలిసిపోతుంది కదా అంటారు. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆవు, మేక, కుక్క, పిల్లి, నక్క, జింక, వీటి కళ్ల వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. అందుకే లైటు పడగానే వాటి కళ్లు దీపాల్లా మెరుస్తాయి. ఆ పొర పందికి లేదు. మనిషికీ లేదు. లైటు వేసినప్పుడు కళ్లు మెరవకపోతే అది పంది అని కొందరి లెక్క. కళ్లు మెరవనిది మనిషి కూడా కావచ్చు. ఆ గుర్తును నమ్ముకుని తుపాకీ పేల్చడమంత ప్రమాదం ఇంకోటి లేదు.

వేడిని చూపించే థర్మల్ పరికరాల మాట కూడా కుర్రాళ్లు తెస్తున్నారు. అవి వెలుగుతో పనిలేకుండా ఒంటి వేడిని బట్టి బొమ్మ చూపిస్తాయి. చేలో ఏదో ఉందని కనిపెట్టడానికి చాలా మంచివి. అయితే పంది, దూడ, కూర్చున్న మనిషి, అన్నీ దూరం నుంచి తెల్లటి ముద్దలే. దట్టమైన కంప వెనక ఉంటే కనబడవు. మన తీరంలో గాలి తేమగా ఉన్నప్పుడు, మంచు పట్టినప్పుడు బొమ్మ పలచబడుతుంది. ఉందో లేదో చెప్పడానికి పనికొస్తాయి, ఏమిటో ఎవరో చెప్పడానికి వాటినే నమ్మకూడదు. తుపాకీకి బిగించే ఏ రాత్రి పరికరమైనా సరే, కొనేముందు లైసెన్సు ఇచ్చిన అధికారిని అడిగి రాతలో తీసుకోవాలి. అంగడివాడి మాట మీద కొనొద్దు.

ఇక తుపాకీ సంగతి. 1959 ఆయుధాల చట్టం పంట రక్షణకంటూ ప్రత్యేకంగా చెప్పింది ముందు నుంచి మందు దట్టించే తుపాకీని. అది దగ్గరి దూరానికే. గొట్టం లోపల నున్నగా ఉండే తుపాకీకి ఎనిమిది రెట్ల స్కోపు బిగిస్తే జంతువు దగ్గరగా కనబడుతుంది గానీ, గుండు ఆ దూరానికి తిన్నగా పోదు. జంతువు గాయపడి కంపలో దూరుతుంది. గాయపడిన పంది తెల్లారి కట్టెలకు పోయిన మనిషి మీద పడుతుంది. స్కోపు సార్థకమయ్యేది రైఫిలుకు. మన దేశంలో లైసెన్సు మీద దొరికే ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ 0.315 అటువంటిదే. కానీ మనది కొండల్లేని చదును నేల. తప్పిన తూటాను ఆపే మట్టిదిబ్బ ఉండదు. చిన్నదనుకునే 0.22 తూటా కూడా రెండు కిలోమీటర్లకు పైగా పోగలదు. మన చేనుకు రెండు కిలోమీటర్లలో ఎన్ని ఇళ్లున్నాయో, ఎన్ని గుంతలున్నాయో లెక్కేసుకోండి.

చట్టం కూడా చూద్దాం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం సెక్షన్ 9 ప్రకారం వేట నిషేధం. ఉచ్చు వేసినా, బోను పెట్టినా వేట కిందే లెక్క. 2022లో సవరించిన చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అడవిపంది షెడ్యూలు 2లో ఉంది. అయితే అదే చట్టంలో సెక్షన్ 11(1)(బి) ఉంది. జంతువు మనుషుల ప్రాణానికి గానీ, నిలబడి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదంగా మారిందని నమ్మకం కుదిరితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. "నిలబడి ఉన్న పంట" అన్నమాట చట్టంలోనే ఉంది. అది ఎవరి దయా కాదు. కేరళలో 2022లో స్థానిక సంస్థల అధ్యక్షులకే ఆ అధికారం అప్పగించారు. 2015, 2016ల్లో బీహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాలకు, కొంత కాలానికి కేంద్రం అడవిపందిని పంట నాశనకారిగా ప్రకటించింది. దారులున్నాయి. ఆ దారిన పోవాలంటే మనం అర్జీ పెట్టాలి, నష్టం రాసిపెట్టాలి, ఒత్తిడి తేవాలి. అనుమతి కాగితం లేకుండా స్కోపు కొనిచ్చి ఒక రైతును చీకట్లోకి పంపితే, కేసు ఆయన మీద పడుతుంది, చందా ఇచ్చిన మనం ఇళ్లలో ఉంటాం.

కరెంటు తీగల గురించి ఒక్క మాటలో చెబుతాం. మెయిన్ లైను నుంచి కొక్కెం వేసి చేను చుట్టూ తీగ పరచడం వల్ల రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏటా మనుషులు పోతున్నారు. చాలాసార్లు పోయేది ఆ రైతే, లేదా పక్క చేను రైతే. ఎరలో నాటుబాంబు పెడితే ఆవు మూతి పగులుతుంది. మన సంఘంలో ఎవరూ ఈ రెండింటి జోలికి పోకూడదు. పోయినవాళ్లను వెనకేసుకురావడం కూడా జరగదు.

మరి డబ్బు దేనికి పెట్టాలి? మేం చెప్పేది ఇది. స్కోపుకనుకున్న చందాతో ఊరికి రెండు మంచి బైనాక్యులర్లు కొనండి. దానికి లైసెన్సు అక్కర్లేదు. 7×50 ఒకటి, 8×42 ఒకటి. మన మత్స్యకార సోదరులకు 7×50 కొత్తేమీ కాదు. సముద్రం మీద వాడేది ఆ కొలతే. వెలుగు బిళ్ళ పెద్దది కావడంతో పడవ ఊగినా కన్ను దాంట్లోంచి జారిపోదు. మంచె మీద నిద్రకళ్లతో ఉన్నవాడికీ అదే మేలు.

వాడే పద్ధతి కూడా ఉంది. కంటికి చీకటి పూర్తిగా అలవాటవడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి సెల్‌ఫోను తెర చూశామంటే చాలావరకు మళ్లీ మొదటికి రావాలి. కావలివాళ్లు ఫోను జేబులో ఉంచండి. ఏదైనా చదవాల్సి వస్తే చిన్న ఎర్ర లైటు వాడండి. చీకట్లో వస్తువును సూటిగా చూడకుండా కాస్త పక్కకు చూస్తే బాగా తెలుస్తుంది. కంటి నడిమి భాగం రంగులకు, పగటికి. అంచు భాగం చీకటికి. ముందు బైనాక్యులర్, ఆ తర్వాతే టార్చి, అన్నిటికంటే ముందు ఒక కేక. మనిషైతే పలుకుతాడు. మంద కదిలిన దారి, వేళ, ఎన్ని ఉన్నాయి అన్నది పుస్తకంలో రాయండి. పది రాత్రుల లెక్క ఉంటే అటవీశాఖ దగ్గర మన మాటకు బలం వస్తుంది.

ఉప్పుగాలి అద్దాలకు శత్రువు. నీరు చొరబడని రకం, లోపల నైట్రోజన్ నింపిన రకం తీసుకోండి. ఉప్పు పట్టిన అద్దాన్ని పొడి తువ్వాలుతో రుద్దితే పూత గీరుకుపోతుంది. ముందు మంచినీళ్లతో తడిపి, ఉప్పు వదిలాక మెత్తటి గుడ్డతో అద్దండి. మూతపెట్టే డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ సంచులతో దాచండి. బీరువాలో అట్లాగే పడేస్తే ఒక వానాకాలానికే లోపల బూజు సాలెగూడులా పాకుతుంది.

పంట దగ్గర చేయగలిగినవి కూడా చేద్దాం. వేరుశనగ చుట్టూ నాలుగు వరసలు ముళ్ల కుసుమ వేయడం, మొక్కజొన్న చుట్టూ ఆముదం వేయడం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు సిఫారసు చేసిన పద్ధతులు. ఊరుమ్మడి చిల్లకంప తీయించడం ఒక్కడి వల్ల కాదు, పంచాయతీ పూనుకోవాలి. పందుల ఇల్లు అదే.

చివరగా మన సంఘం ముందు పెడుతున్న తీర్మానాలు. ఒకటి, సెక్షన్ 11 కింద అనుమతి కోసం రైతు పెట్టిన అర్జీకి గడువులోగా జవాబు ఇవ్వాలని, ఆ అధికారం మన మండలాలకు దగ్గరగా ఉండే అధికారికి అప్పగించాలని ప్రభుత్వాన్ని అడుగుదాం. రెండు, అనుమతి వచ్చి షూటర్లు వస్తే, తుపాకీ పట్టినవాడి పక్కన బైనాక్యులర్ పట్టిన మన ఊరి మనిషి ఒకడుండాలి. ఆయన "పంది" అని చెప్పందే తుపాకీ లేవకూడదు. ముందురోజు ఊళ్లో, గుంతల కాడ, యానాది కాలనీలో, పడవల రేవులో దండోరా వేయాలి. మూడు, అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని ఫసల్ బీమాలో చేర్చుతున్నట్టు 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. 2026 ఖరీఫ్ నుంచి అమలన్నది. ఏయే జంతువులు, ఏయే ప్రాంతాలు అన్నది రాష్ట్రమే నోటిఫై చేయాలి. మన తీరం పేరు, అడవిపంది పేరు ఆ జాబితాలో ఉండేదాకా వదలకూడదు. నష్టం జరిగిన 72 గంటల్లో యాప్‌లో ఫొటోతో చెప్పాలంటున్నారు కాబట్టి, కావలివాళ్ల పుస్తకం అక్కడ కూడా అక్కరకొస్తుంది.

పంట పోతే వచ్చే పంటకు అప్పు తెచ్చుకుంటాం. గట్టు మీద పీతలు పట్టుకునే మనిషి పోతే ఏ తీర్మానంతోనూ తేలేం. అందుకే సంఘం అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. స్కోపుకు చందా వద్దు. బైనాక్యులర్లకు వేయండి, అర్జీకి సంతకాలు పెట్టండి. కాగితాలు ఇక్కడే బల్ల మీద ఉన్నాయి. పోయేముందు సర్వే నెంబరు, వేసిన పంట, పోయిన విస్తీర్ణం రాసి మరీ వెళ్లండి.